ఫొటోలో చివరివాడు: జిల్లా పేజీల్లో ఆటల వార్తలు, మన పిల్లల కాలేజీ దారి

అడవులదీవిలో ఒక ఇంట్లో రేకు పెట్టె ఉంది. అందులో ఒక ప్లాస్టిక్ సంచి. రేషన్ కార్డు, డ్వాక్రా పుస్తకం, పదో తరగతి మార్కుల జాబితా, వీటి మధ్య నాలుగు మడతలు పెట్టిన పేపరు ముక్క. మడతల దగ్గర చిరిగిపోతే అన్నం మెతుకుతో అంటించారు. ఆ ఇంటి తల్లి దాన్ని తీసి నా చేతికిచ్చి, "ఇదిగో మావోడి పేపరు. సదువుకున్నోళ్ళు గదా, ఏం రాశారో సదివి చెప్పండి బాబూ" అంది.

చదివాను. పాఠశాల కబడ్డీ జట్టు నుంచి ఐదుగురు విద్యార్థులు జిల్లా జట్టుకు ఎంపికయ్యారని మొదటి వాక్యం. ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడి పేరు, వ్యాయామ ఉపాధ్యాయుడి పేరు, సర్పంచి పేరు, పాఠశాల కమిటీ వాళ్ళ పేర్లు, బనీన్లు కొనిచ్చిన దాత పేరు, ఆ దాత తమ్ముడి పేరు. లెక్కపెడితే పదకొండు పేర్లు. చివర 'తదితరులు పాల్గొన్నారు'. ఎంపికైన ఐదుగురిలో ఒక్కడి పేరూ లేదు. "మావోడి పేరు ఏడుందయ్యా?" అని ఆమె అడిగింది. "ఫొటోలో ఉన్నాడు గదమ్మా" అన్నాను. వెనక వరసలో చివర, ఒక పెద్దమనిషి భుజం వెనక సగం మొహం. ఆమె ఇన్నేళ్ళూ ఆ పదకొండు పేర్లలో తన కొడుకు పేరు ఒకటి అనుకుంటూ ఆ కాగితాన్ని దాచింది.

బడిలో ఆడిన పిల్లాడు ఆట పట్టుకుని కాలేజీకి చేరే దారి ఒకటుంది. ఆ దారిని మన జిల్లా పేజీలు ఎట్లా రాశాయి, ఏది రాయకుండా వదిలేశాయి అన్నది ఈ వ్యాసం సంగతి. ఆటల మీద రాతలు మన ఉద్యమ పత్రికల్లో తక్కువే. దాడుల గురించి రాయాల్సివచ్చినప్పుడు ఆటల గురించి రాయడానికి చోటెక్కడ? అది నిజమే. కానీ మన ఇళ్ళల్లో పెట్టె అడుగున దాచుకున్న అచ్చు కాగితం ఏదని వెతికితే, చాలాచోట్ల దొరికేది ఇట్లాంటి ముక్కే. మనవాళ్ళు చరిత్ర అని నమ్మి దాచుకున్నదాన్ని పరిశోధకులం పక్కనపెడితే ఎట్లా?

అడవులదీవి నిజాంపట్నం మండలంలో ఉంది. మడ అడవులు, ఉప్పు నేలలు, రొయ్యల చెరువులు, సముద్రం. పై చదువుకు పోవాలంటే రేపల్లె, అక్కడినుంచి రైలెక్కితే తెనాలి, అదీ దాటితే గుంటూరు. అటు పక్క బాపట్ల. పల్లెలో మాల మాదిగలు, రేవుల్లో చేపలు పట్టేవాళ్ళు, కాలవ గట్ల మీద యానాదులు. ఈ పిల్లలకు కబడ్డీ ఎవరూ కొత్తగా నేర్పలేదు, మనూళ్ళల్లో దాన్ని చెడుగుడు అనేవాళ్ళు. బ్యాటు అక్కర్లేదు, బంతి అక్కర్లేదు, ఖాళీ నేల, గట్టి ఊపిరి ఉంటే చాలు. ఆ చెడుగుడే 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకం ఉన్న ఆట అయ్యింది, ఇండియాకు బంగారు పతకం తెచ్చింది. అప్పటిదాకా దాన్ని మొరటు ఆటగా చూసినవాళ్ళకూ అప్పుడు అది 'మన సంప్రదాయ క్రీడ' అయ్యింది. ఆట పెద్దదయింది గానీ ఆడేవాళ్ళు పెద్దవాళ్ళు కాలేదు.

బడి ఆటలకు మన దగ్గర పాత చరిత్రే ఉంది. కోస్తా జిల్లాల్లో హైస్కూలు చదివినవాళ్ళకు 'గ్రిగ్ పోటీలు' అనే మాట తెలుసు. 19వ శతాబ్దం చివర మద్రాసు ప్రెసిడెన్సీ విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన హెచ్.బి. గ్రిగ్ పేరు అది. మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాలను హ్యారీ బక్ 1920లో పెట్టాడు, డ్రిల్లు మాస్టారనే ఉద్యోగానికి శిక్షణ అక్కడ మొదలైంది. దేశమంతటి పాఠశాల క్రీడల సమాఖ్య 1954లో వచ్చింది. గుంటూరు జిల్లాలో లూథరన్ మిషన్ బోర్డింగుల్లో చేరిన మన తాతల తరానికి తిండి, బట్ట, చదువుతోపాటు ఆడుకోవడానికి నేల కూడా దొరికింది. ఊళ్ళో చెరువు దగ్గరికే రానివ్వని రోజుల్లో ఒక గీత గీసి 'ఈ పక్క మీరు, ఆ పక్క వాళ్ళు, తాకితే అవుట్' అనే ఆట ఆడటం అంటే ఏమిటో ఆలోచించండి. తాకడమే నిబంధన అయిన ఆట అది. ఈ సంగతి ఏ పత్రికా రాసినట్టు నాకు కనబడలేదు.

1970ల దాకా తెలుగు దినపత్రికలో పల్లెటూరి బడి ఆటకు చోటే లేదు. ఆటల పేజీ అంటే క్రికెట్టు, టెన్నిసు, హైదరాబాదు. 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో 'ఈనాడు' మొదలై జిల్లా వార్తలకు విలువ పెంచింది. 1989లో అదే పత్రిక జిల్లాకో చిన్న పేపరు వేసి లోపల పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి. దీన్ని తక్కువ చేసి మాట్లాడనక్కర్లేదు. మా తండ్రుల ఊరి పేరు మొదటిసారి అచ్చులో కనబడింది ఆ చిన్న పేపర్లోనే. కరెంటు స్తంభం పడిపోయిందని, కాలవకు నీళ్ళు రాలేదని, ఫలానా బడి పిల్లలు పోటీల్లో గెలిచారని. పేపరు అమ్ముడుపోవాలంటే ఊరి పేరు కావాలి, ఊళ్ళో మనుషుల ఫొటోలు కావాలి. ఈ వ్యాపార లెక్కలోనే మన పిల్లలు కూడా మొదటిసారి ఫొటో ఎక్కారు.

ఎక్కారు సరే, ఏ వరసలో?

ఈ వార్తకు ఒక అచ్చు ఉంది. నేను చూసిన వందల ముక్కల్లో పది శాతం కూడా దాన్ని దాటలేదు. శీర్షిక 'రాష్ట్రస్థాయి పోటీలకు ఎంపిక'. మొదటి వాక్యంలో బడి పేరు, ఆట పేరు. రెండో వాక్యం 'ప్రధానోపాధ్యాయులు తెలిపారు'. మూడో వాక్యం నుంచి 'అభినందించారు' అనే క్రియ, దానికి కర్తలు అరడజను మంది. పిల్లాడు ఏం చేశాడో ఉండదు. ఎన్ని కూతలకు వెళ్ళాడు, ఎంత దూరం దూకాడు, ఎవరిమీద గెలిచాడు? ఉండదు. ఆ పిల్లాడు ఒక్క మాట అన్నట్టు కూడా ఉండదు. వ్యాకరణం పరంగా చూస్తే ఈ వార్తలో పిల్లాడు ఎప్పుడూ కర్మ. అతన్ని ఎంపిక చేస్తారు, అభినందిస్తారు, సత్కరిస్తారు. పని చేసినవాళ్ళు పెద్దలు, పని జరిగింది పిల్లాడి మీద.

ఇందులో రిపోర్టర్ దుర్మార్గం ఏమీ లేదు. మండలంలో వార్త రాసే మనిషి ఉద్యోగి కాదు, కంట్రిబ్యూటర్. అచ్చయిన వార్త కొలతను బట్టి వచ్చే డబ్బు, దాన్ని వాడుకలో లైన్ ఎకౌంట్ అంటారు. ఆ డబ్బుతో బండి పెట్రోలు కూడా రాదు. పైగా పండగలకు ప్రకటనలు తేవాలి. ప్రకటన ఇచ్చేది ఎవరు? సర్పంచి, దాత, ప్రైవేటు కాలేజీ యజమాని. వార్తలో పదకొండు పేర్లు ఎందుకు వచ్చాయో ఇప్పుడు అర్థమవుతుంది. ఒక్కో పేరూ రేపటి ప్రకటన. కబడ్డీ ఆడిన పిల్లాడి తండ్రి ఏ దీపావళికీ ప్రకటన ఇవ్వడు.

ఇంకో రకం వార్త ఉంది, అది దీనికన్నా కొంచెం పెద్దది. 'మట్టిలో మాణిక్యం', 'పేదింట విరిసిన క్రీడా కుసుమం' అనే బాపతు. ఇందులో పిల్లాడి పేరు ఉంటుంది, తల్లిదండ్రులు కూలీలని ఉంటుంది, పూరింటి ముందు ఫొటో ఉంటుంది. కులం ఉండదు. కులం రాయకపోవడం మర్యాదే గదా అని కొందరు మిత్రులు నాతో వాదించారు. మర్యాదేనా? పల్లెలోకి వచ్చి ఫొటో తీసుకుని, 'పేద' అని రాసి పోవడంలో ఒక సౌకర్యం ఉంది. పేదరికానికి దాత చాలు. కులం అని రాస్తే ఊరు జవాబు చెప్పాలి. ఆ పిల్లాడికి బడి ఉన్న ఊళ్ళో బనీను దొరికింది గానీ ఊరి మధ్య ఉన్న ఆటస్థలంలో సాయంత్రంపూట ఆడుకునే వీలుందా అని అడగాలి.

1991 జులైలో ఒక సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో కూర్చున్న అగ్రకుల యువకుడికి తగిలింది. అక్కడ మొదలైన తగాదా పెరిగి పెరిగి ఆగస్టు 6న చుండూరులో దళితుల ఊచకోత దాకా పోయింది. ఆటస్థలంలో తగిలితే పాయింటు, సినిమాహాల్లో తగిలితే చావు. జిల్లా పేపర్లు మొదలై అప్పటికి రెండేళ్ళు. మైదానంలో ఆ శరీరాన్ని మెచ్చుకుంటూ రాసే పేపరుకు, అదే శరీరం మైదానం గీత దాటి వచ్చి పక్కన కూర్చుంటే ఏం జరుగుతుందో రాయడానికి భాష లేదు. 'పేద' అనే మాట ఆ పనికి రాదు.

ఇప్పుడు కాలేజీ సంగతికి వస్తాను, ఎందుకంటే అసలు నష్టం జరిగేది అక్కడ. 'ఎంపిక' అనే ఒక్క మాటను పేపరు అన్ని మెట్లకూ వాడుతుంది. మండలం నుంచి జిల్లాకు ఎంపిక, జిల్లా నుంచి రాష్ట్రానికి ఎంపిక, రాష్ట్రం నుంచి జాతీయ పోటీలకు ఎంపిక. ఇంట్లో వాళ్ళకు అన్నీ ఒకటే. కానీ ఆఫీసులో ఒకటి కాదు. ఆటగాళ్ళకు ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం 1980లో ఇచ్చిన ఉత్తర్వుల్లో నాలుగు ఫారాలు ఉన్నాయి. అంతర్జాతీయ పోటీలకు ఒకటి, జాతీయ పోటీలకు ఒకటి, విశ్వవిద్యాలయాల మధ్య పోటీలకు ఒకటి, బడి పిల్లల జాతీయ పోటీలకు నాలుగోది. అంటే బడి పిల్లాడు ఆ లెక్కలోకి రావాలంటే రాష్ట్ర జట్టు తరఫున ఆడి, విద్యాశాఖ రాష్ట్ర అధికారి సంతకంతో ఆ కాగితం తెచ్చుకోవాలి. మన రాష్ట్రంలో ఇంజనీరింగు లాంటి వృత్తి కోర్సుల్లో క్రీడల కోటా 0.5 శాతం. అంటే 200 సీట్లకు ఒకటి. దానికి సర్టిఫికెట్లను శాప్ పరిశీలించి ప్రాధాన్యం ప్రకారం వరస కడుతుంది. ఆ వరసలో ఎక్కడ నిలబడతామో తెలియాలంటే ఏ పోటీ, ఎవరు నిర్వహించారు, ఏ ఫారం అన్నది తెలియాలి. జిల్లా పేపరు ఈ ముక్క ఎప్పుడన్నా రాసిందా? 'రాష్ట్రస్థాయికి ఎంపిక' అని వార్త వేసిన రోజున పక్కనే నాలుగు లైన్లు, ఈ పిల్లాడు ఇంకో మెట్టు ఎక్కితేనే కాగితం వస్తుంది, ఆ కాగితం ఫలానా ఆఫీసులో అడిగి తీసుకోవాలి అని రాస్తే ఏం పోయేది?

పెట్టెలో పేపరు దాచిన తల్లి కొడుకు ఆ ముక్క పట్టుకుని ఒక కాలేజీకి పోయాడు. అక్కడ గుమాస్తా, పేపరు చెల్లదు, సర్టిఫికెట్ తెమ్మన్నాడు. సర్టిఫికెట్ కోసం బడికి పోతే ఆ మాస్టారు బదిలీ అయ్యారు. మళ్ళీ వెళ్ళేసరికి చేరే గడువు అయిపోయింది. ఇది అతను చెప్పిన వరస. ఇప్పుడు రాత్రిళ్ళు రొయ్యల చెరువు కాపలా. ఏ వార్తా ఈ సంగతి రాయలేదు, ఎందుకంటే జిల్లా పేజీకి ఎంపికే వార్త. చేరడం వార్త కాదు, చేరలేకపోవడం అసలే కాదు. కిట్టు లేక, రైలు ఖర్చు లేక, కూలి పనికి సెలవు దొరక్క ఎంపికైన పోటీకి వెళ్ళనివాళ్ళు ఎంతమందో కూడా ఆ పేజీలను బట్టి చెప్పలేం. చరిత్ర రాసేవాడికి ఇది పెద్ద చిక్కు. మొదటి అంకం ఉన్న నాటకాలు వందల కొద్దీ దొరుకుతాయి, రెండో అంకం ఒక్కదానికీ దొరకదు.

ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా కష్టం. ఖోఖో జట్టులో వరసగా రెండేళ్ళు కనబడిన పిల్ల మూడో ఏడు కనబడదు. పెళ్ళయిందా, పొగాకు గ్రేడింగుకు పోయిందా, వేరే ఊరి హాస్టల్లో చేరిందా? పెళ్ళయితే ఇంటిపేరు మారుతుంది, అక్షరం మారుతుంది, పేపర్ల ఆధారంతో ఆమెను పట్టుకోవడం అసాధ్యం. మగపిల్లల్ని అయినా పల్లెలో అడిగితే చెబుతారు.

ఇదంతా ఇట్లా ఉండక తప్పదా? అమెరికాలో బడి ఆటగాడు ఫలానా కాలేజీకి ఆడతానని మాట ఇవ్వడమే ఒక వార్త. 1964 నుంచి 2024 దాకా దానికొక ఒప్పంద పత్రం ఉండేది. పిల్లాడు బడిలో బల్ల ముందు కూర్చుని సంతకం చేస్తుంటే అటూ ఇటూ తల్లిదండ్రులు నిలబడతారు, స్థానిక పత్రిక ఫొటో వేస్తుంది. పిల్లాడి పేరు, బడి, ఆట, చేరబోయే కాలేజీ. అక్కడా వ్యాపారమే, సందేహం లేదు. కానీ ఫొటో మధ్యలో పిల్లాడు ఉంటాడు, వార్త చివర ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాను బట్టి ఐదేళ్ళ తర్వాత చేరాడా, మానేశాడా అని అడగవచ్చు.

నల్లవాళ్ళకు ఆ మర్యాద తేలిగ్గా రాలేదు. వాళ్ళ కాలేజీల ఆటగాళ్ళను తెల్ల పత్రికలు పట్టించుకోని కాలంలో 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లజాతి వారపత్రిక 1950 నుంచి ఏటేటా నల్ల కాలేజీల మేటి ఫుట్‌బాల్ ఆటగాళ్ళ జాబితా వేసింది. దాన్ని తయారుచేసిన బిల్ నన్ అనే విలేకరి ఆ కాలేజీలన్నీ తిరిగి, పేర్లు రాసుకుని, అచ్చువేశాడు. 1960ల చివర ఆ ఊరి వృత్తి జట్టు అతన్నే ఆటగాళ్ళను వెతికే పనికి పెట్టుకుంది. అతను వెతికి పట్టుకున్న జాన్ స్టాల్‌వర్త్ లాంటి వాళ్ళు 1970ల్లో ఆ జట్టు విజయాలకు మూలమయ్యారు. పేరు అచ్చులో ఉండటం అంటే అభినందన ఒక్కటే కాదు, దారి కూడా. పేర్లు సరిగ్గా రాసిన పత్రిక వాళ్ళదే అయినందుకు ఆ దారి పడింది.

మనకా? 1996లో బి.ఎన్. ఉనియాల్ 'పయనీర్' పత్రికలో ఢిల్లీలో ఒక దళిత జర్నలిస్టు కోసం వెతికి ఒక్కరూ దొరకలేదని రాశాడు. 2019లో ఆక్స్‌ఫామ్ ఇండియా, న్యూస్‌లాండ్రీ కలిసి లెక్కతీస్తే న్యూస్‌రూముల్లో 121 నాయకత్వ స్థానాల్లో 106 అగ్రకులాల వాళ్ళవి, ఎస్సీ, ఎస్టీలవి సున్నా. మండల స్థాయిలో మన కుర్రాళ్ళు కంట్రిబ్యూటర్లుగా ఉన్నారు, అది నిజం. వాళ్ళలో ఒకరిని అడిగాను, పిల్లల పేర్లు ఎందుకు రాయవు తమ్ముడూ అని. "రాసి పంపుతానన్నా. డెస్కులో కోత పడితే ముందు పోయేది అవే" అన్నాడు. కోత కింది నుంచి మొదలవుతుంది, పిల్లల పేర్లు కింద ఉంటాయి. పైకి ఎక్కించి రాయొచ్చు గదా అని మళ్ళీ అడగలేదు. సర్పంచి పేరు కింద పడితే మర్నాడు అతను ఊళ్ళో తిరగాలి.

పేరు నిలబడటానికి ఏం కావాలో తెలియాలంటే 2014 మే 25 గుర్తుచేసుకోవాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచి ఇద్దరు పిల్లలు ఎవరెస్టు ఎక్కారు, ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా దళిత విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్. వాళ్ళ వెనక గురుకుల వ్యవస్థ ఉంది కాబట్టి వార్త ఒక రోజుతో ఆగలేదు, పూర్ణ తర్వాత ఏం చదివిందో, ఏ కొండ ఎక్కిందో పేపర్లు రాశాయి. ఆనంద్ పేరు అంతగా గుర్తుచేసుకోరు, అది వేరే చర్చ. ఇంకా వెనక్కి పోతే 1911లో ఇంగ్లండు పర్యటనలో 114 వికెట్లు తీసిన చమార్ కులస్తుడు పల్వంకర్ బాలూ. తిరిగొచ్చినప్పుడు బొంబాయిలో అంటరాని కులాలవాళ్ళే సభ పెట్టి సన్మానించారు, యువకుడైన అంబేద్కర్ అందులో పాలుపంచుకున్నారు. ఆ సభలో అభినందించినవాళ్ళూ మనవాళ్ళే, అభినందన అందుకున్నవాడూ మనవాడే. (ఆ ఇద్దరూ 1937లో బొంబాయి ఎన్నికల్లో ఎదురెదురుగా నిలబడాల్సి రావడం, కాంగ్రెస్ తరఫున బాలూ ఓడిపోవడం మరో విచారకరమైన కథ.)

ఆధారాల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఇట్లాంటి పని చేయదలచిన విద్యార్థులకు ఉపయోగపడుతుంది. పాత పత్రికలకు మన ప్రాంతంలో 1918 నాటి వేటపాలెం సారస్వత నికేతనం పెట్టింది పేరు. కానీ జిల్లా పేపరు వేరే సరుకు. నేను తిరిగిన ఒక ఊరి గ్రంథాలయంలో పెద్ద పేపరు కుట్టి ఉంచారు, చిన్న పేపరు మాత్రం నెల తిరిగేసరికి తూకానికి వేశారు. పొట్లాలు కట్టుకోవడానికి ఆ సైజే బాగుంటుందని అక్కడి మనిషి నవ్వుతూ చెప్పాడు. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. అంతకుముందు అడవులదీవి వార్త గుంటూరు పేజీల్లో వెతకాలి, ఆ తర్వాత బాపట్ల పేజీల్లో. ఆటల జట్లకు 'ఉమ్మడి గుంటూరు జిల్లా' అనే మాట ఆ తర్వాత కూడా వాడారు కాబట్టి రెండుచోట్లా చూడాలి. ఇక ఇళ్ళల్లో ఉన్న ముక్కలకు తేదీ ఉండదు. ఫొటో చుట్టూ కత్తిరించేటప్పుడు తేదీ పోతుంది. అందుకని ముక్కను తిప్పి వెనక చూడండి. ఈ తల్లి ఇచ్చిన ముక్క వెనక ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ప్రకటన సగం ఉంది, గుంటూరు జిల్లా అడ్రసుతో. దాన్నిబట్టి ఇది జిల్లా విడిపోకముందుదని అనుకున్నాను. ఆ ప్రకటనలో ర్యాంకులు వచ్చిన పిల్లల పేర్లు ఇంటిపేర్లతో సహా వరసగా ఉన్నాయి. ఒకే కాగితం, ఒక పక్క పేర్లున్న పిల్లలు, రెండో పక్క పేర్లు లేని పిల్లలు.

ఆ ముక్కను ఆమె ఇవ్వనంది. రేపల్లె తీసుకెళ్ళి రెండు వైపులా జిరాక్సు తీసి మర్నాడు తిరిగిచ్చాను. జిరాక్సు వెనక పెన్సిల్‌తో పేర్లు రాయడానికి కూర్చుంటే పల్లెలో వాళ్ళు చుట్టూ చేరి తలా ఒకటి చెప్పారు. నాలుగు పేర్లు తేలాయి. ఒకతను హైదరాబాదులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, ఒకతను డిగ్రీ దాకా పోయాడట. ఐదోవాడు మాత్రం ఎవరికీ తట్టలేదు. కాలవ గట్టు మీద యానాదుల పిల్లాడు అయ్యుండొచ్చని ఒకరన్నారు, ఆ కుటుంబం అక్కడ లేదు. చెరువు కాపలాకు పోయే అతను మాత్రం ఫొటో చేతికి తీసుకుని చాలాసేపు చూసి, "వీడి కూత నాకు గుర్తుందన్నా, పేరే రావట్లేదు" అన్నాడు.